కొత్త జాతుల పుట్టుక కిట్: ఈగలు బాగున్నాయి, పుస్తకమే బాగాలేదు

ద్వారకానగర్‌లో ల్యాబ్ సామాన్లు అమ్మే షాపులో దొరుకుతున్న ఈ కిట్ డబ్బా మీద "40 రోజుల్లో కొత్త జాతి" అని ఉంది. నమ్మకండి. 25 డిగ్రీల దగ్గర డ్రోసోఫిలాకు (కిట్‌లోని చిన్న పండ్ల ఈగలు) తరానికి సుమారు 10 రోజులు. అంటే నాలుగు తరాలు. జీవశాస్త్రవేత్త డయాన్ డాడ్ 1989లో ప్రచురించిన ప్రయోగంలో ఈగల గుంపుల్ని విడదీసి, కొన్నిటిని స్టార్చ్ (పిండి పదార్థం) మీద, కొన్నిటిని మాల్టోజ్ (ఒక చక్కెర) మీద ఎన్నో తరాలు పెంచారు. చివరికి కనిపించింది తమలాంటి తిండి తిన్నవాటితోనే జతకట్టే మొగ్గు. దాన్ని కూడా కొత్త జాతి అనలేం.

అయినా కిట్ కొనదగ్గదే, అందులోని రెండు జాతుల డ్రోసోఫిలా కోసం: బైపెక్టినాటా, మలెర్‌కోట్లియానా. ఇవి దగ్గరి చుట్టాలు. కలిపితే పిల్లలు పుడతాయి. సంకర ఆడవి గుడ్లు పెడతాయి, పిల్లలూ వస్తాయి. మగవి మాత్రం గొడ్డువి. జీవశాస్త్రవేత్త హాల్డేన్ 1922లో చెప్పిన నియమం ఇదే: సంకరంలో ఒక లింగమే గొడ్డుపోతే, అది రెండు రకాల లింగ క్రోమోజోములున్నదే; ఈ ఈగల్లో అది మగ. జాతులు పూర్తిగా విడిపోకముందు అడ్డుగోడ ఎక్కడ మొదలవుతుందో కళ్లారా చూడొచ్చు.

కిట్‌తో ఇచ్చిన పుస్తకంలో లేనిది, ప్రయోగాన్ని చెడగొట్టేది వేడి. ఎండాకాలంలో మన గదులు 30 డిగ్రీలు దాటితే, ల్యాబుల్లో ఎక్కువగా వాడే మెలనోగాస్టర్ అనే డ్రోసోఫిలా జాతిలో మామూలు మగ ఈగలే గొడ్డుపోతాయి. అప్పుడు సంకరం వల్లా వేడి వల్లా అన్నది తేలదు. అందుకే పక్కనే రెండు తల్లిజాతుల సీసాలూ అదే చోట ఉండాలి. వాటిలో పిల్లలు రాకపోతే ఆ ఫలితం చెల్లదు.

ఆడవాటిని కన్యలుగా ఉన్నప్పుడే వేరుచేయాలి. పొద్దున్నే సీసాలోని పెద్ద ఈగలన్నిటినీ తీసేసి, ఆ తర్వాత ఆరు గంటల్లోపు ప్యూపాల (గూళ్ల) నుంచి బయటికొచ్చినవాటినే తీసుకోండి. ఒక్క గర్భిణి దొర్లినా ప్రయోగం పోయినట్టే. వేర్వేరు జాతులు జతకట్టడానికి తాత్సారం చేస్తాయి కాబట్టి మూడు నాలుగు రోజుల వయసువి పదేసి జతలు వేసి వదిలేయండి.

ఇచ్చిన తిండి పొడి చాలదు. లీటరు నీటికి బొంబాయి రవ్వ 100 గ్రా., బెల్లం 100 గ్రా., అగర్ (గడ్డకట్టించే పొడి) 8-10 గ్రా. ఉడికించి, కాస్త చల్లారాక ప్రొపియోనిక్ ఆసిడ్ 7.5 మి.లీ. కలపండి. వేడిగా ఉండగా పోస్తే ఆవిరైపోతుంది, బూజు పడుతుంది. మన తేమకు సీసా గోడలకు నీరు పట్టి ఈగలు అతుక్కుంటాయి. రాత్రంతా పలుచని బట్ట కప్పి ఆరబెట్టాకే దూది బిరడా పెట్టాలి. చీమలకు ట్రేలో నీళ్లు.

మత్తుకు ఇచ్చిన ఈథర్ పక్కన పెట్టేయండి. ఐస్ మీద సీసా ఉంచితే చాలు.