బరంపురం కళాశాలలో కౌన్సెలింగ్ కేంద్రం, టెలీ మానస్: ఒక అక్క అభిప్రాయం

ఒడిశాలోని బరంపురంలో మా తమ్ముడు చదివే కళాశాలలోని కౌన్సెలింగ్ కేంద్రం గురించి నా అభిప్రాయం ముందే చెబుతాను. అక్కడి కౌన్సెలర్ మేడమ్ ఎంతో మంచివారు, పని తెలిసినవారు. కానీ ఆ కేంద్రాన్ని నడుపుతున్న పద్ధతి, సాయం కోరి వచ్చిన పిల్లల్ని గుమ్మం దగ్గరే వెనక్కి పంపేలా ఉంది. కళాశాల పేరు రాయడం లేదు. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి పిల్లల్ని ఇక్కడి హాస్టళ్లలో చేర్చిన తెలుగు కుటుంబాలకు ఉపయోగపడాలనే ఉద్దేశంతో, తమ్ముడి అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను.

గత విద్యా సంవత్సరంలో అతనికి బ్యాక్ పేపర్లు (తప్పి మళ్లీ రాయాల్సిన పరీక్షలు) పడ్డాయి. ఆ తరవాత రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, పగలు తరగతికి వెళ్లేవాడు కాదు, ఇంటి నుంచి ఫోను వస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేవాడు. నాన్నగారు బద్ధకమన్నారు, అమ్మ దిష్టి తగిలిందని ఉప్పు తీసింది. ఇద్దరిదీ ప్రేమే. చివరకు అతనే, "అక్కా, ఎవరితోనైనా మాట్లాడాలని ఉంది, నీతో మాత్రం కాదు" అన్నాడు. ఆ మాటతోనే కేంద్రానికి వెళ్లాం.

కేంద్రం ఫీజు కౌంటరు పక్క గదిలో ఉంది. తలుపు బయట బెంచీ మీద ఒక రిజిస్టరు పెట్టారు. అందులో పేరు, రోల్ నంబరు, హాస్టలు గది, చివరి గడిలో వచ్చిన కారణం రాయాలి. ఆ పేజీలో మా తమ్ముడి కంటే ముందు వచ్చినవాళ్లందరూ కారణం దగ్గర "చదువు" అని రాసి ఉన్నారు. ఫీజు వరుసలో నిలబడ్డ ఎవరైనా మెడ కాస్త వంచితే ఆ పేర్లు చదవవచ్చు. పిల్లవాడికి జ్వరం వస్తే వీధంతా చెప్పుకుంటాం గాని, మనసు బాగోలేదంటే పెళ్లి సంబంధాల దాకా ఆలోచించే సమాజం మనది. అలాంటిచోట ఆ చివరి గడి ఎంతమందిని బెంచీ దగ్గర నుంచే తిప్పి పంపిందో అనుకుంటే బాధ కలుగుతుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షను, మానసిక అనారోగ్యం ఉన్న వ్యక్తి వివరాలు గోప్యంగా ఉంచబడే హక్కును గుర్తించింది. వైద్యం దాకా వెళ్లని విద్యార్థి విషయంలో కళాశాల అంతకంటే తక్కువ జాగ్రత్త పడటానికి ఏ కారణమూ లేదు.

లోపలికి వెళ్లాక మాత్రం వాతావరణం వేరు. మేడమ్ తన బల్ల వెనక నుంచి లేచి వచ్చి, అతనికి ఎదురుగా కుర్చీ వేసుకొని కూర్చొన్నారు. నన్ను మర్యాదగా బయట కూర్చోమన్నారు. ఆ తరవాత జరిగింది తమ్ముడు నాకు చెప్పినంత మేరకే రాస్తున్నాను: మొదట సలహా ఏదీ ఇవ్వలేదట, ఎన్ని గంటలకు పడుకుంటున్నావు, ఏం తింటున్నావు, చివరిసారి స్నేహితులతో ఎప్పుడు కలిసి కూర్చొన్నావు అని అడిగారట. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని కూడా ఏ తడబాటూ లేకుండా సూటిగా అడిగారట. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మన పెద్దలు భయపడతారు. నిజానికి అడగడం వల్ల హాని జరగదని, చెప్పుకునే దారి దొరుకుతుందని ఈ రంగంలో పనిచేసేవారు నమ్ముతారు. తమ్ముడు ఆ ప్రశ్న తరవాతే ఏడ్చాడట.

అయితే ఆ గది తెరిచేది వారానికి రెండు మధ్యాహ్నాలే. పరీక్షల సమయంలో, అంటే ఎక్కువమందికి అవసరమయ్యే వేళ, దాన్ని ఇన్విజిలేటర్ల విశ్రాంతి గదిగా మార్చేశారు. ఇంకొక లోటు భాష. మేడమ్ ఒడియా, హిందీ, ఇంగ్లీషు మాట్లాడతారు. తమ్ముడికి ఒడియా బాగానే వచ్చు, బడిలో చదివింది ఆ భాషలోనే. కానీ నాన్నగారి గురించి, ఇంటి అప్పు గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు మాట ఆగిపోయిందన్నాడు.

ఆ లోటు టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ తీర్చింది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఈ సేవకు 14416 నంబరుకు ఫోను చేయాలి. డబ్బు కట్టనక్కరలేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఎంచుకునే భాషల్లో ఒడియాతో పాటు తెలుగు కూడా ఉంది. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే నిపుణుల దగ్గరికి పంపే ఏర్పాటు ఉంది. అర్ధరాత్రి హాస్టలు మేడ మీద నుంచి తమ్ముడు తెలుగులో మాట్లాడాడు. అవతలి వ్యక్తి తొందరపెట్టకుండా విన్నారని చెప్పాడు. మనిషి ముఖం చూస్తూ వారం వారం కొనసాగే సంభాషణకు ఫోను సాటిరాదని నా అభిప్రాయం, అందుకే అతను మేడమ్ దగ్గరికీ వెళుతూనే ఉన్నాడు.

సుప్రీంకోర్టు 2025 జులైలో విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు ఇచ్చింది. 100 లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కరు కనీసం ఒకరు ఉండాలని, టెలీ మానస్ వంటి నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలని అందులో ఉంది. మీ పిల్లల్ని చేర్చేటప్పుడు ఫీజు వివరాలతో పాటు ఆ గది ఎక్కడుందో, పరీక్షల్లో తెరుస్తారో లేదో అడగండి. మా కళాశాలలో మేడమ్ కోసం వెళ్లదలచినవారు ఫీజు వరుస లేని చివరి గంటలో వెళితే మేలు. ప్రాణం మీదికి వచ్చే ఆలోచనలు ఉంటే ఆ రెండు మధ్యాహ్నాల కోసం ఆగకుండా, వెంటనే 14416కు ఫోను చేయించండి, లేదా తోడుండి ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తీసుకువెళ్లండి.