కంప్యూటర్ రంగానికి ఏది మేలు: డిగ్రీయా, ఆరు నెలల కోర్సా?

పాఠశాల చదువు ముగిసిన పిల్లల నుంచి, వారికంటే ఎక్కువగా వారి తల్లిదండ్రుల నుంచి ఏటా నాకు వచ్చే ప్రశ్న ఒకటే. కంప్యూటర్ రంగంలో స్థిరపడాలంటే మూడు నాలుగేళ్లు డిగ్రీ చదవాలా, ఆరు నెలల కోర్సు చేసి ఉద్యోగంలో చేరిపోతే చాలదా? రెండు వైపులా వాదించేవారు గట్టిగానే వాదిస్తారు. నాకూ ఒక పక్షం ఉంది, దాచుకోను.

ముందు చిన్న కోర్సు సంగతి. దాన్ని చిన్నచూపు చూడటం తగదు. అక్కడ చేరిన కొద్ది రోజులకే నడిచే వెబ్ పేజీ ఒకటి చేతికి వస్తుంది. గిట్ (కోడ్‌లో ఎప్పుడేం మార్చామో నమోదు చేసే సాధనం) వాడటం, ఇతరులు రాసిన కోడ్ చదవడం, తప్పు ఎక్కడుందో పట్టుకోవడం, రాసిన ప్రోగ్రామును సర్వర్ (అందరికీ సేవలందించే కంప్యూటర్) మీద పెట్టి నడిపించడం వంటివన్నీ మంచి కోర్సులో దగ్గరుండి నేర్పుతారు. ఉద్యోగంలో రోజూ చేసే పనులు ఇవే. విచిత్రమేమిటంటే చాలా విశ్వవిద్యాలయాలు వీటిని పాఠంగా చెప్పవు, విద్యార్థే ఎక్కడో నేర్చుకుంటాడులే అని వదిలేస్తాయి. అమెరికాలోని పేరున్న విశ్వవిద్యాలయం ఎంఐటీలోనే 2020లో 'ద మిస్సింగ్ సెమిస్టర్' పేరుతో ఈ లోటు పూడ్చడానికి ప్రత్యేక తరగతులు నడపాల్సి వచ్చింది. పట్టా చేతిలో ఉండి గిట్ తెలియని కుర్రవాణ్ని చూసి ఉద్యోగమిచ్చేవారు విసుక్కుంటే తప్పు పట్టలేం. డిగ్రీతో పోలిస్తే కోర్సుకు ఖర్చు, కాలం రెండూ తక్కువే. ఈ రంగం మనకు సరిపడదని తేలితే బయటపడటమూ తేలిక.

అయినా నా లెక్కలో తేల్చే అంశం వేరే ఉంది. మనకు ఇష్టం లేని పాఠాన్ని మనచేత ఎవరు చదివిస్తారు? సొంతంగా నేర్చుకునేవారు తెర మీద వెంటనే ఫలితం కనిపించే విషయాల వైపే వెళతారు. అది సహజం. కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఏం జరుగుతుందో, డేటాబేస్ తన సమాచారాన్ని డిస్కు మీద ఎలా అమర్చుకుంటుందో సరదా కోసం చదివేవారు అరుదు. పరీక్ష ఉందంటే మాత్రం తిట్టుకుంటూనైనా చదువుతారు. ఆ బలవంతమే డిగ్రీ ఇచ్చే అసలు లాభమని నా నమ్మకం.

ఒక ఉదాహరణ చూడండి. బ్యాంకు ఖాతాలో వెయ్యి రూపాయలు ఉన్నాయి. ఒకే క్షణంలో రెండు చోట్ల నుంచి ఎనిమిది వందల చొప్పున ఇమ్మని అడిగారు. మొదటి అభ్యర్థన నిల్వ చూసింది, సరిపోతుందని తేల్చింది. అది నిల్వను తగ్గించేలోపే రెండోదీ అదే వెయ్యిని చూసింది. రెండు చోట్లా డబ్బు వెళ్లిపోయింది. ఈ లావాదేవీలు నడిపే ప్రోగ్రాము రాసిన వ్యక్తి తన కంప్యూటర్‌లో ఎన్నిసార్లు నడిపి చూసినా తప్పు బయటపడదు, ఎందుకంటే అక్కడ అడిగేది ఒక్కరే. ఇలాంటి చిక్కును విప్పే పద్ధతిని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1965లోనే ప్రచురించారు. ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం అరకొరగా విన్నవారికైనా ఇక్కడ ఏదో తేడా ఉందన్న అనుమానం వస్తుంది. అలాంటి ప్రమాదం ఒకటి ఉంటుందనే తెలియనివారు దాని గురించి వెతకరు, ఎవరినీ అడగరు కూడా.

వేగం సంగతీ అంతే. ఒక జాబితాలోని ప్రతి పేరునూ మిగతా అన్ని పేర్లతో పోల్చే ప్రోగ్రాము రాశారనుకోండి. వెయ్యి పేర్లుంటే సుమారు 10 లక్షల పోలికలు, కన్ను మూసి తెరిచేలోపు అయిపోతాయి. లక్ష పేర్లుంటే 1,000 కోట్ల పోలికలు. పేర్లు వంద రెట్లు పెరిగితే పని పదివేల రెట్లు పెరిగింది. ఆల్గారిథమ్స్ (లెక్కను అంచెలంచెలుగా చేసే పద్ధతులు) చదివినవారికి ఇది కోడ్ చూడగానే తెలుస్తుంది. చదవనివారు సర్వర్ చాలడం లేదని ఇంకొకటి తెప్పిస్తారు.

పైగా ఈ పాఠాలు త్వరగా పాతబడవు. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్న, సమాచారాన్ని పట్టికలుగా దాచే రిలేషనల్ డేటాబేస్‌కు మూలమైన ఆలోచనను కంప్యూటర్ శాస్త్రవేత్త కాడ్ 1970లో ప్రకటించారు. మరోవైపు, ఒకప్పుడు ఎందరికో ఉపాధినిచ్చిన, వెబ్ పేజీల్లో కదిలే బొమ్మలు చూపే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కు 2020 డిసెంబరు 31తో మద్దతు ఆగిపోయింది. కృత్రిమ మేధ కోడ్ రాసిపెడుతున్న కాలంలో ఈ తేడా ఇంకా పెరుగుతుందని నా అంచనా. కోడ్ రాయించడం ఎవరికైనా తేలికే. అది రాసిచ్చిన దానిలో పైన చెప్పిన ఖాతా తప్పులాంటిది ఉంటే కనిపెట్టేదెవరు?

ఎంఐటీ పాఠాలు, హార్వర్డ్ వారి తొలి కంప్యూటర్ పాఠం సీఎస్50 ఉచితంగానే దొరుకుతున్నాయి కదా, ఇక కళాశాల ఎందుకని అడుగుతారు. దొరుకుతున్నాయి, బాగుంటాయి కూడా. కానీ మొదలుపెట్టినవారిలో ఎక్కువమంది మధ్యలోనే వదిలేస్తారు. నాలుగో వారం పాఠం కష్టంగా ఉంటే పక్కన పెట్టేయవచ్చు, అడిగేవారుండరు. మళ్లీ ఆ బలవంతం దగ్గరికే వచ్చాం.

పట్టా అనే కాగితానికి విలువ తగ్గిందన్న మాటలో కొంత నిజముంది. గూగుల్, ఐబీఎం వంటి సంస్థలు కొన్ని ఉద్యోగాలకు డిగ్రీ తప్పనిసరి కాదని ప్రకటించాయి. విదేశీ వీసాల దగ్గర మాత్రం కాగితం ఇంకా బలంగానే ఉంది. అమెరికాలో ఉద్యోగం చేయడానికిచ్చే హెచ్-1బీ వీసాకు డిగ్రీ గానీ దానికి సమానమైన అర్హత గానీ ఉండాలి. కళాశాల చదువు బొత్తిగా లేకుండా అనుభవంతోనే ఆ అర్హత చూపాలంటే, ఒక ఏడాది చదువుకు మూడేళ్ల పని చొప్పున నాలుగేళ్ల డిగ్రీకి 12 ఏళ్లు కావాలి.

డిగ్రీ అనగానే కృత్రిమ మేధ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ పేర్లతో వచ్చే కొత్త శాఖల గురించి అడుగుతారు. పేరును పక్కన పెట్టి సిలబస్ తెప్పించుకుని చూడండి. ఆల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్‌లు, నెట్‌వర్క్‌లు, వీటితోపాటు సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా ఉంటే పేరు ఏదైనా చేరవచ్చు. వీటిలో రెండు మూడు తీసేసి ఆ స్థానంలో సాఫ్ట్‌వేర్ పనిముట్ల పేర్లు నింపితే, అది ఆరు నెలల కోర్సును నాలుగేళ్లకు సాగదీయడమే. పదిహేడేళ్ల వయసులో అంత ఇరుకు దారి ఎంచుకోవాల్సిన తొందర ఏముంది?

మిగతా దారులకు ఒక్కో మాట చాలు. చిప్‌లు, సర్క్యూట్ల మీద మనసున్నవారికి కంప్యూటర్ ఇంజినీరింగ్ మేలు. సర్వర్లను అద్దెకిచ్చే క్లౌడ్ కంపెనీలు ఇచ్చే సర్టిఫికెట్లు ఉద్యోగంలో చేరాక పనికొస్తాయి, అంతకుముందు అలంకారమే.

ఇంటి పరిస్థితి వల్ల వెంటనే సంపాదించక తప్పనివారికి నేను డిగ్రీ సలహా ఇవ్వను. మంచి కోర్సు చూసుకుని చేరండి. చేరేముందు దాన్ని పూర్తిచేసిన ఇద్దరు ముగ్గురితో నేరుగా మాట్లాడండి, ప్రకటనలో వేసిన ఫొటోలను నమ్మకండి. ఉద్యోగం వచ్చాక ఏడాదికొక పాఠం చొప్పున ఆల్గారిథమ్స్, డేటాబేస్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్‌లు పూర్తిచేయండి. ఎప్పటికప్పుడు పాఠం అప్పజెప్పించుకునే స్నేహితుడినో సహోద్యోగినో ముందే కుదుర్చుకోండి. వీలైతే జీతం వస్తుండగానే దూరవిద్యలో చేరండి, పరీక్షల తేదీలు అవే తరుముతాయి.