ముందే తేదీ వేసి పంపే కార్డులు: ట్రీట్‌మెంట్ పొడవునా వాడాక

మా అక్కకు బ్రెస్ట్ క్యాన్సర్ ట్రీట్‌మెంట్ మొదలైనప్పటి నుంచి ఒక ఆన్‌లైన్ కార్డుల సర్వీసు వాడుతున్నాను. ఫొటో పెట్టుకోవడం, పేరు రాయించడం, వాళ్లే ప్రింట్ చేసి పోస్టులో వేయడం అన్నిట్లోనూ ఉన్నవే. నేను డబ్బు కట్టింది ఒక్క ఫీచర్ కోసం. కార్డులన్నీ ఒకేసారి తయారుచేసి, ఏది ఏ రోజు బయల్దేరాలో ముందే తేదీ వేసి పెట్టుకోవచ్చు. నా కోపమూ దాని మీదే.

మొదట్లో మాత్రం చాలా బాగా ఉపయోగపడింది. అక్కకు 21 రోజులకొక కీమో. ఎక్కించిన రోజున చుట్టూ మనుషులుంటారు, ఫోన్లూ వస్తాయి. తెల్ల రక్తకణాలు బాగా పడిపోయేది ఆ తర్వాత, 7 నుంచి 14 రోజుల మధ్య. ఇన్ఫెక్షన్ భయంతో ఎవరినీ రానివ్వరు, అప్పటికి ఫోన్లూ తగ్గిపోతాయి. సరిగ్గా ఆ రోజుల్లో అందేలా తేదీలు వేశాను. వాట్సాప్ మెసేజ్ అయితే జవాబివ్వాలన్న టెన్షన్ ఉంటుంది. కార్డుకు ఆ బాధ లేదు, ఓపిక వచ్చినప్పుడే చదువుకోవచ్చు.

వాళ్ల ఫాంట్‌లో తెలుగు టైప్ చేస్తే వత్తులు విడిపోయి పక్కన పడ్డాయి. అందుకని కాగితం మీద రాసి, ఫొటో తీసి ఎక్కించాను. "నువ్వు రాసిందా, ప్రింటా అని తడి వేలితో రుద్ది చూశానే" అంది అక్క ఫోన్‌లో. ఆ ఒక్క మాటకే ఈ సర్వీసుకు అయిదు స్టార్లు ఇచ్చేదాన్ని.

తర్వాత వారం వారం ఇచ్చే పాక్లిటాక్సెల్ అనే కీమో మందు మొదలైంది, మొత్తం 12 డోసులు. చివరి డోసు తేదీకి గంట బొమ్మ ఉన్న కార్డు ఎంచుకున్నాను. ట్రీట్‌మెంట్ పూర్తయ్యాక గంట కొట్టే ఆనవాయితీ 1996లో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో మొదలైంది. అమెరికా నేవీ రియర్ అడ్మిరల్ ఇర్వ్ లి మోయిన్ తన ట్రీట్‌మెంట్ చివరి రోజున ఇత్తడి గంట తెచ్చి కొట్టి, దాన్ని అక్కడే వదిలి వెళ్లారు. అది చదివినప్పటి నుంచి "నేనూ కొడతానే" అనేది అక్క.

ఇంతలో బ్లడ్ రిపోర్టులో న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) తక్కువ వచ్చాయి. డాక్టరు ఆ వారం డోసు ఆపేశారు, పై వారమూ ఆపేశారు. కీమోలో ఇది కొత్తేం కాదు, ఎముక మజ్జ కోలుకోవడానికి టైమివ్వాలి. వెంటనే సైట్‌లో తేదీ మార్చబోతే "ప్రింటింగ్‌లో ఉంది" అని చూపించింది. పంపాల్సిన తేదీకి ఇంకా వారం పైనే ఉంది! కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టాను. పోస్టులో వేయకుండా పక్కన పెట్టండి, డబ్బు కూడా వెనక్కి వద్దు అన్నాను. కవర్లోకి వెళ్లినదాన్ని తీసే పద్ధతి లేదని, తర్వాతి కార్డుకు డిస్కౌంట్ ఇస్తామని జవాబు.

కార్డు చేరింది. "అయిపోయింది అక్కా, ఇక గంట కొట్టు" అని నా చేతిరాతలోనే. "ఇంకా రెండు ఉన్నాయే. నా ఒంట్లోనే ఏదో లోపముందేమో" అంది అక్క. కణాల లెక్క తగ్గడానికీ తన పట్టుదలకీ సంబంధం లేదని ఎంత చెప్పినా ఆ పూటకు ఎక్కలేదు. పరీక్ష తప్పినవాళ్ల ఇంటికి అభినందనలు వచ్చినట్టయింది. క్యాన్సర్ పేషెంట్ల కోసమని విడిగా ఒక విభాగం పెట్టి అమ్మేవాళ్లకు కీమో తేదీలు వాయిదా పడతాయని తెలియదా? పుట్టినరోజు మారదు, కీమో మారుతుంది. పోస్టుకు వెళ్లే ముందు రోజు దాకా పనిచేసే "ఆపు" బటన్ ఒకటి చాలు.

చేతిరాత గురించి కూడా ఒక మాట. సన్న పెన్నుతో రాస్తే ప్రింట్‌లో వెలిసిపోతుంది, లావు నల్ల పెన్నే వాడాలి. ఇక కవరు అంచు మొత్తం జిగురే. పాక్లిటాక్సెల్‌తో అక్క వేళ్ల కొసలు మొద్దుబారాయి, తనకు వచ్చిన కార్డు తాను విప్పుకోలేక బావ చేత తీయించుకునేది. కవరు లేకుండా పంపిద్దామంటే దారిలో అందరూ చదువుతారు. జిగురు లేకుండా మడిచి పెట్టమని నోట్ పెడితే ఒకసారి విన్నారు, తర్వాత మళ్లీ మామూలే. వాళ్ల రెడీమేడ్ సందేశాలు నేను వాడలేదు. ఎక్కువ భాగం "పోరాడు, గెలుస్తావు" తరహావే, కౌంట్ పడిపోయిన వారంలో అవి చదవడం కష్టం.

రేడియేషన్ అప్పుడు తేదీలు పెద్దగా జరగలేదు, కార్డులన్నీ సమయానికే అందాయి. సబ్‌స్క్రిప్షన్ పొడిగించాను కూడా. నేను దూరంగా ఉంటాను, ఉద్యోగం వదిలి తరచూ వెళ్లలేను, నా పరిస్థితి అది. దగ్గర్లో ఉండేవాళ్లకు ఇది అవసరం లేదేమో. ఎప్పుడు చదివినా సరిపోయే మాటలకే ఇప్పుడు ముందుగా తేదీ వేస్తున్నాను. "చివరిది", "అయిపోయింది" లాంటివి ఉన్న కార్డులు మాత్రం ఆ మాట అక్క నోట విన్నాకే ఆర్డర్ చేస్తున్నాను, నాలుగు రోజులు ఆలస్యమైనా సరే. ప్రస్తుతానికి మూడు స్టార్లు.