కుందేలుకు తోడెవరు: మనిషా, మరో కుందేలా? ఏది మేలు?

విశాఖపట్నంలో కుందేలును పెంచుకునే ఇళ్ళలో చాలావరకు ఒక్క కుందేలే కనిపిస్తుంది. పిల్లలు ముచ్చటపడ్డారని ఒకటి కొంటారు. నెల తిరిగేసరికి అది బోను మూలన ముడుచుకుని కూర్చోవడం చూసి, ఇంకొకటి తేవాలా అని ఆలోచనలో పడతారు. ఒంటిగా ఉంటేనే మనుషులకు మాలిమి అవుతుందని కొందరు, జత లేకపోతే బెంగతో చచ్చిపోతుందని మరికొందరు సలహా ఇస్తారు. ఎం.వి.పి. కాలనీలో రెండో అంతస్తు ఫ్లాటులో ఆరేళ్ళుగా కుందేళ్ళను పెంచుతూ, ఒంటి కుందేలునూ జంటనూ కూడా చూసినవాడిగా, ఈ రెండు మాటల్లో ఎంత నిజముందో తూచి చూస్తాను.

ముందు ఒక పొరపాటును తొలగించాలి. మన తూర్పు కనుమల పొదల్లో తిరిగే అడవి కుందేలు, అంటే చెవులపిల్లి, ఒంటరి జీవి. దాన్ని పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. ఇళ్ళలో పెంచే కుందేలు దాని సంతతి కాదు. ఐరోపాలో నేల కింద బొరియలు తవ్వుకుని గుంపులుగా బతికే వేరే జాతి నుంచి వచ్చింది. చెవులపిల్లి పిల్లలు ఒంటి నిండా బొచ్చుతో, కళ్ళు తెరుచుకునే పుడతాయి; ఇంటి కుందేలు పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని పుట్టి, తల్లి తన ఒంటి బొచ్చు పీకి పరిచిన గూటిలో ఒకదానినొకటి హత్తుకుని వెచ్చదనం పొందుతాయి. కాబట్టి “అడవిలో ఒంటరిగానే బతుకుతుంది కదా” అనే వాదన మన బోనులో ఉన్న జీవికి వర్తించదు.

ఇక ఒంటి కుందేలు సంగతి. దీనికి మనిషి తోడు సరిపోతుందా అని అడిగేవారు సాధారణంగా “రోజుకు ఎన్ని గంటలు” అని లెక్క వేస్తారు. నా ఉద్దేశంలో చూడవలసింది గంటల సంఖ్య కన్నా వేళ. కుందేలు పగలు ఎక్కువ భాగం కునుకు తీస్తూ, తెల్లవారుజామునా సాయంసంధ్యలోనూ చురుగ్గా ఉంటుంది. ఉదయం తొమ్మిదికి వెళ్ళి సాయంత్రం ఆరుకు ఇంటికి చేరే ఉద్యోగి, తాను లేని వేళ కుందేలు ఎంత బెంగపడిందోనని బాధపడనక్కరలేదు, ఆ సమయంలో అది చాలావరకు నిద్రలో ఉంటుంది. అదే ఉక్కు కర్మాగారంలో మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 వరకు ఉండే షిఫ్టుకు వెళ్ళే వ్యక్తి, ఉదయమంతా ఇంట్లోనే ఉన్నా, కుందేలు ఆడుకోవాలనుకునే సాయంత్రం దాని దగ్గర ఉండడు. ఇద్దరూ లెక్కకు ఒకేపాటి సమయం ఇస్తున్నట్టు కనిపించినా, కుందేలుకు అందే తోడులో చాలా తేడా ఉంటుంది.

ఆ వేళల్లో ఇంట్లో ఉండి, సోఫాలో కాక నేల మీద కూర్చుని, ఎత్తుకోకుండా దానంతటది దగ్గరకు వచ్చేవరకు ఆగగలిగిన మనిషి దానికి మంచి తోడే. నుదుటి మీద నిమురుతుంటే పళ్ళు సన్నగా నూరుతూ కళ్ళు అరమోడ్చే కుందేలును చూసినవారెవరూ దానికి మనుషులంటే పట్టదని అనరు. అయితే మనిషి చేయలేనివి కొన్ని ఉన్నాయి. చెవుల వెనక నాకి శుభ్రం చేయడం, తెల్లవారుజామున మూడింటికి వీధి కుక్కలు మొరిగితే పక్కన మరో ఒంటి వెచ్చదనంగా ఉండడం, వెనక కాలితో నేలను తన్ని చేసే హెచ్చరికకు దాని భాషలోనే బదులివ్వడం మన వల్ల కాదు.

ఇక్కడొక జాగ్రత్త. బోను కడ్డీలు కొరకడం, బొచ్చు పీక్కోవడం, ముడుచుకుని కూర్చోవడం ఒంటరితనం వల్ల కావచ్చు, బోను ఇరుకు కావడం వల్లా కావచ్చు, పంటి నొప్పి వల్లా కావచ్చు. జీవితాంతం పెరుగుతూనే ఉండే పళ్ళున్న జీవి అది. పూట గడిచినా గడ్డి ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా దాన్ని బెంగగా భావించి ఊరుకోకూడదు, పేగుల కదలిక ఆగిపోతే ప్రాణం మీదికి వస్తుంది. దానికి కావలసింది అదే రోజు వైద్యుడు, జతగాడు కాదు.

జంట విషయంలో నా మొదటి అనుభవం నవ్వులపాలు. మొదటి ఆడ కుందేలుకు తోడుగా మరొకటి తేవాలని ఒక దుకాణానికి వెళితే, అమ్మిన వ్యక్తి “రెండూ ఆడవే అవుతాయి సార్, గ్యారంటీ” అన్నాడు. మూడు నెలలు దాటాక ఒక ఉదయం బోనులో గడ్డి, బొచ్చు కలిపి కుప్పగా పోసి ఉంది. ఆ కుప్ప ఊపిరి పీలుస్తున్నట్టు కదిలింది. లోపల బొటనవేలంత పొడవున ఆరు గులాబీ రంగు పిల్లలు. కుందేలుకు గర్భం దాదాపు 31 రోజులే. ఈనిన రోజే మళ్ళీ చూలు కట్టగలదు. ఆ సంగతి నాకు వైద్యుడు చెప్పేలోగానే రెండో ఈత ఖాయమైపోయింది. ఆ పిల్లలకు ఇళ్ళు వెతకడానికి సీతమ్మధార నుంచి గాజువాక వరకు తెలిసినవారందరి గడపా తొక్కాను.

అందుచేత జంట అంటే “ఇంకొకటి కొనడం” కాదు, పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్లతో కలిపి లెక్కించవలసిన నిర్ణయం. ఆపరేషన్ లేని రెండు మగవి ఈడుకు వచ్చాక రక్తం కారేలా కొట్టుకుంటాయి. రెండు ఆడవి అక్కచెల్లెళ్ళైనా ఎప్పుడో ఒకప్పుడు చోటు కోసం తగవుపడవచ్చు. ఎక్కువగా పొసగేది ఆపరేషన్ అయిన ఒక ఆడ, ఒక మగ జంట. మగదానికి ఆపరేషన్ అయ్యాక కూడా కొన్ని వారాలపాటు సంతాన శక్తి ఉంటుంది కనుక, కనీసం నెల పదిహేను రోజులు విడిగా ఉంచాలి. ఆడదానికి ఆపరేషన్ వల్ల మరో లాభముంది: వయసు మీద పడిన ఆడ కుందేళ్ళలో గర్భసంచి క్యాన్సర్ తరచుగా వస్తుంది, ఆ ముప్పు తప్పిపోతుంది. మన ఊళ్ళో కుక్కలు, పిల్లులు చూసే వైద్యులు చాలామందే ఉన్నారు కానీ కుందేళ్ళ అనుభవం ఉన్నవారిని వెతుక్కోవాలి. నేను ఒక చిన్న ప్రశ్నతో తేల్చుకుంటాను: “ఆపరేషన్‌కు ముందు రాత్రి నుంచి మేత మాన్పించాలా?” కుందేలు వాంతి చేసుకోలేదు, ఖాళీ కడుపు దానికి చేటు. కాబట్టి మాన్పించమని చెప్పేవారి దగ్గర సెలవు తీసుకుని వచ్చేయడం మంచిది.

కలపడం మరో ఓపిక పని. ఒకే బోనులో వేసి “అవే సర్దుకుంటాయి” అనుకుంటే చెవులు చిరుగుతాయి. ఆపరేషన్ల తరువాత విడిగా ఉంచిన గడువు ముగిశాక, మేము హాలును ఇనుప జాలీతో రెండుగా విడదీసి, ఒకదాని గోనెపట్టా రెండోదాని వైపు రోజూ మారుస్తూ వాసన అలవాటు చేశాము. పది రోజుల తరువాత, రెండింటికీ పరిచయం లేని డాబా మెట్ల దగ్గరి వసారాలో పావుగంట చొప్పున కలిపాము. ఒకటి మీద ఒకటి ఎక్కడం, తరుముకోవడం మామూలే. గుండ్రంగా తిరుగుతూ కరుచుకుంటే మాత్రం వెంటనే మధ్యలో అట్ట పెట్టి విడదీయాలి, చెయ్యి పెడితే కాటు మనకు పడుతుంది. మూడో వారంలో ఒక సాయంత్రం ఆడది తల నేలకు ఆనించి మగదాని ముందు పెట్టింది. అది కాసేపు బిగుసుకుని కూర్చుని, ఆపైన దాని నుదురు నాకడం మొదలుపెట్టింది. ఆ రాత్రి జాలీ తీసేశాము.

జంట అంటే భయపడేవారు మధ్యేమార్గంగా కుందేలు కన్నా చిన్నదైన మరో పెంపుడు జీవి గినీ పిగ్గును తెస్తుంటారు. ఇది రెండింటికీ అన్యాయం. గినీ పిగ్గుకు విటమిన్ సి మేత ద్వారా అందాలి, కుందేలుకు అక్కరలేదు. కుందేలు వెనక కాలి దెబ్బకు దాని ఎముకలు విరగవచ్చు, కుందేలు మోసే క్రిములు దాని ఊపిరితిత్తులకు పట్టవచ్చు. పిల్లి తోడు గురించి వేరే చెప్పనక్కరలేదు. అద్దం, బొమ్మ కుందేలు వంటివి చూసే మనకే ముచ్చట.

చోటు, ఎండ కూడా లెక్కలోకి వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో విశాఖ ఉక్కపోత మనకే భరించరానిది. చెమట పట్టని, చెవుల ద్వారా వేడి వదులుకునే కుందేలుకు 30 డిగ్రీలు దాటితేనే కష్టం. బాల్కనీలో బోను ఉంచే ఇంట్లో రెండో కుందేలు అంటే వడదెబ్బకు రెండో బలి. ఫ్యాను కింద గది, గడ్డ కట్టించి తుండుగుడ్డ చుట్టిన నీళ్ళ సీసా, నున్నటి టైల్స్ మీద కాలు జారకుండా ఈత చాప రెండింటికీ సరిపడా ఉండాలి.

నా తీర్పు ఇది: రెండింటికీ ఆపరేషన్ చేయించి, నెలపాటు ఓపికగా కలపగలిగితే జంటే మేలు, సందేహం లేదు. అవి కుదరకపోతే, సాయంత్రాలు నేల మీద కూర్చోగలిగిన మనిషి ఉన్న ఇంట్లో ఒంటి కుందేలు, ఆపరేషన్ లేని జంట కన్నా సుఖంగా బతుకుతుంది. ఆ రెండూ లేని ఇంట్లో కుందేలు అసలు వద్దు, ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు బతికే జీవి అది.

సంక్రాంతికి మేము శ్రీకాకుళం వెళ్ళినప్పుడు ఈ తేడా బాగా తెలిసింది. ఒంటిది ఉన్న రోజుల్లో పక్కింటి పిన్నిగారు వచ్చి గడ్డి వేసినా తినేది కాదని ఫోను చేసేవారు, రెండో రోజుకే బస్సెక్కి వచ్చేసేవాళ్ళం. కిందటి పండగకు కనుమ కూడా చూసుకుని వచ్చాము. తలుపు తీసేసరికి రెండూ ఈత చాప మీద ఒకదానికొకటి ఆనుకుని పడుకుని ఉన్నాయి. తల ఎత్తి చూసి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాయి.