ఛారిటీ రన్‌కి 5కెనా, 10కెనా?

డిసెంబరు దగ్గరపడితే చాలు, మా ఆఫీసులో టీ తాగే చోట ఒకటే ప్రశ్న: "5కె కట్టాలా, 10కె కట్టాలా?" అంటే ఐదు కిలోమీటర్ల పరుగుకి ఫీజు కట్టి పేరివ్వాలా, పదికా అని. విశాఖ బీచ్ రోడ్డు మీద ఏదో ఒక ఆసుపత్రి కోసమో, పిల్లల ఆశ్రమం కోసమో పరుగు పెడుతూనే ఉంటారు. నేను రెండేళ్లు 10కె చేసి, నిరుడు 5కెకి దిగాను. దిగాను అనగానే ఎదుటివాళ్ల మొహంలో జాలి కనిపిస్తుంది. మోకాలి నొప్పా, గుండె జబ్బా అని మెల్లగా అడుగుతారు. రెండూ బాగానే ఉన్నాయి.

ముందు దారి సంగతి. కాళీమాత గుడి దగ్గర బయల్దేరి, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ముందు నుంచి వుడా పార్కు వైపు వెళ్లి వెనక్కి వచ్చేస్తే 5కె అయిపోతుంది. చదునైన రోడ్డు, అలవాటు లేనివాళ్లు కూడా ఆగి ఆగి పూర్తి చేస్తారు. 10కె వాళ్లకు అసలు పరీక్ష లాసన్స్ బే దాటాక. మలుపు ఎక్కడ పెట్టారన్నదాన్ని బట్టి తెన్నేటి పార్కు ఎక్కుడు కొంతైనా తగులుతుంది. పైగా ఎండ. డిసెంబరులో సూర్యుడు వచ్చేది 6:20 ప్రాంతంలో. సముద్రం వైపు నీడ అన్నదే ఉండదు. వెళ్లేటప్పుడు కుడి చెంప, వచ్చేటప్పుడు ఎడమ చెంప కాలుతుంది. చలికాలమే కదా అనుకుంటాం గానీ ఆ ఉక్కలో ఏడో కిలోమీటరు దగ్గర బనీను పిండితే నీళ్లు కారతాయి. అంతకుముందు నెలలో కనీసం మూడుసార్లు ఆగకుండా ఏడెనిమిది కిలోమీటర్లు పరిగెత్తి ఉండకపోతే 10కె జోలికి వెళ్లొద్దు.

టైమింగ్ కావాలంటే మాత్రం 10కెనే. టైము కొలిచే చిప్ ఇస్తారు, నిరుటి కంటే ఎంత తగ్గించామో తెలుస్తుంది, ఆ సరదా వేరు. 5కెలో చాలాచోట్ల చిప్ ఉండదు. ఉన్నా ఏం లాభం? జుంబా వార్మప్ అయ్యాక జనం ఒక్కసారిగా కదులుతారు. ముందు సెల్ఫీ బ్యాచ్, పక్కన చేతులు పట్టుకుని నలుగురు వరసగా. మొదటి కిలోమీటరు తిరునాళ్లలో నడకే.

ఇంతవరకూ చూస్తే 10కెనే నయమనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఇది ఛారిటీ పరుగు. నేను 5 పరిగెత్తినా 10 పరిగెత్తినా ఆ ఆసుపత్రిలో రోగికి ఒరిగేది ఒకటే. 10కె ఫీజు ఎక్కువే, కానీ ఆ ఎక్కువలో చాలావరకు చిప్‌కీ, మెడల్‌కీ, దారిలో నీళ్లకీ సరిపోతుంది. ఒకసారి నిర్వాహకుల్ని సూటిగా అడిగాను, ఒక్కో బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు) మీద ఆసుపత్రికి ఎంత వెళ్తుందండీ అని. "మొత్తం సేవకే సార్" అన్నారు. మొత్తం సేవకే అయితే మరి టీషర్టులు ఎవరి డబ్బుతో? ఇంట్లో అప్పటికే ఇలాంటి పరుగుల్లో ఇచ్చినవి ఆరున్నాయి.

నిరుడు మా అమ్మ కూడా వస్తానంది. అరవై రెండేళ్లు. ఆవిడ కోసమే నేను 5కె కట్టాను. రిజిస్ట్రేషన్ అయిన మర్నాటి నుంచి అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లాటు తలుపూ కొట్టింది. "నేను నడుస్తున్నానమ్మా, మీకు తోచింది ఆసుపత్రి ఖాతాలో వెయ్యండి." వారంలో 11,000 రూపాయలు పోగయ్యాయి. రెండేళ్ల నా 10కెలతో ఫీజు కాకుండా నేను తెచ్చింది సున్నా. ఎందుకంటే నేను ఎవర్నీ అడగలేదు, నా పేస్ (కిలోమీటరుకి ఎన్ని నిమిషాలన్న) గొడవలో నేనున్నాను.

కెనడాలో క్యాన్సర్‌తో కాలు పోగొట్టుకున్న టెర్రీ ఫాక్స్ అనే కుర్రాడు 1980లో కృత్రిమ కాలితో 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తినప్పుడు కోరింది కూడా దేశంలో మనిషికి ఒక్క డాలరు, క్యాన్సర్ పరిశోధన కోసం. ఆయన పేరు మీద 1981 నుంచి జరిగే పరుగులో పోటీ లేదు, విజేతలూ లేరు. అక్కడ లెక్క ఎంతమంది చెయ్యి వేశారన్నదే. ఆ లెక్కన ఇంటిల్లిపాదీ రాగలిగే 5కెనే మేలు.

డబ్బు అడిగేటప్పుడు ఒక జాగ్రత్త: పన్ను మినహాయింపుకి చూపించే రసీదు (80జి అని పిలిచేది) విరాళానికి వస్తుంది, టీషర్టు, మెడల్ ఇచ్చే ఫీజుకి కాదు. నగదు 2,000 దాటితే మినహాయింపు రాదు, కాబట్టి ఖాతాలో వేయించండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఎలాగూ లేదు.

మిగతావి: 3కె ఫన్ రన్ చంటిపిల్లలున్నవాళ్లకి. 21కె చెయ్యగలిగినవాళ్లకి నా సలహాతో పని లేదు. వర్చువల్ రన్ (ఎవరి ఊళ్లో వాళ్లు పరిగెత్తేది) అంటే టీషర్టు కొరియర్‌లో రావడమే.

ఈ ఏడు మా ఇంట్లో నాలుగు 5కె బిబ్‌లు, టీషర్టు వద్దనుకునే వీలుంటే వద్దనే చెబుతాం. మా బావగారు మాత్రం 10కె కట్టారు, గంటలోపు పూర్తి చేస్తానని పట్టు మీదున్నారు. అమ్మ నిన్న అల్లుడి దగ్గర కూడా 500 రాబట్టింది.