రేనాల్డ్స్ 531 ఫ్రేమ్: ఇన్నేళ్లు తొక్కాక దాని ధర గురించి నా లెక్క

పాత రేసింగ్ సైకిల్ ఫ్రేమ్ అమ్మకానికి వచ్చిందంటే మనవాళ్లు ముందు పెయింట్ చూస్తారు, ఆ తర్వాత కంపెనీ పేరు చూస్తారు. నేను ఆ రెండూ చివర్లో చూస్తాను. తిరుపతిలో చాలా ఏళ్లుగా నేను తొక్కుతున్నది 1970ల నాటి ఇంగ్లండ్ రాలీ ఫ్రేమ్, రేనాల్డ్స్ 531 గొట్టాలతో చేసింది. చెన్నైలో ఒకరి ఇంటి మిద్దె మీద పడి ఉంటే ఫ్రేమూ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కూ కలిపి 11,000 రూపాయలకు కొన్నాను. వాళ్లు మొదట చెప్పింది 18,000. ఎక్కడెక్కడ ఏముందో దగ్గరుండి కొలిచి చూపిస్తే వాళ్లే తగ్గించారు. పొద్దున పూట చంద్రగిరి, శ్రీనివాస మంగాపురం వైపు, కుదిరిన ఆదివారం భాకరాపేట ఘాట్ దాకా దీని మీదే వెళ్తాను. ఆ వాడకంలో ఏది నిజంగా విలువైనదని తేలిందో చెబుతాను.

రాలీ అనగానే 1980లో యోప్ జూటెమెల్క్ టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన సైకిల్ గురించి చెప్పి రేటు పెంచేవాళ్లు ఉన్నారు. ఆయన తొక్కిన టీఐ-రాలీ జట్టు ఫ్రేమ్‌లు ఇల్కెస్టన్‌లో ఒక చిన్న ప్రత్యేక వర్క్‌షాపులో తయారయ్యేవి. అదే పేరుతో నాటింగ్‌హామ్ ఫ్యాక్టరీ మామూలు ఉక్కు సైకిళ్లను కుప్పలు తెప్పలుగా చేసింది. మన దేశంలో ఆసన్‌సోల్‌లో సెన్-రాలీ వాళ్లు చేసిన ఇంటి సైకిళ్లూ రాలీలే. కాబట్టి పేరు ఒక్కటే చూసి వెయ్యి రూపాయలు కూడా ఎక్కువ ఇవ్వనక్కర్లేదు. ఆ పేరు కింద ఏ గొట్టం ఉందన్నదే ప్రశ్న.

531 అనేది మాంగనీస్, మాలిబ్డినమ్ కలిసిన ఉక్కు. బర్మింగ్‌హామ్‌లోని రేనాల్డ్స్ కంపెనీ 1935లో దాన్ని తెచ్చింది. గొట్టం రెండు చివర్లూ మందంగా, నడుమ పలచగా ఉంటుంది, దీన్నే బటెడ్ అంటారు. అతుకు పడే చోట బలం కావాలి, మధ్యలో బరువు తగ్గాలి, అందుకని. పై గొట్టానికి మామూలుగా చివర్లలో 0.8 మిల్లీమీటర్లు, నడుమ 0.5. ఇటలీలో కొలంబస్ వాళ్ల ఎస్ఎల్ గొట్టాలు 0.9, 0.6 కొలతల్లో వచ్చేవి. ఇక 531 స్టిక్కర్ మీద ఏం రాసి ఉందో మొత్తం చదవాలి. అన్ని గొట్టాలూ, ఫోర్కూ, వెనక పుల్లలూ బటెడ్ అని ఉంటే ఒక రేటు, పెద్ద గొట్టాలు మూడే 531 అని ఉంటే ఇంకో రేటు. పైగా ఈ స్టిక్కర్లు ఇప్పుడు కొత్తవి అచ్చు వేసి అమ్ముతున్నారు. అందుకే స్టిక్కర్ బాగుందని సంతోషపడే ముందు వెర్నియర్ కాలిపర్ జేబులోంచి తీయాలి.

సీటు పిల్లర్, అంటే సీటును మోసే కడ్డీ, తీయించి, అది దిగే సీటు గొట్టం లోపలి కొలత తీసుకోండి. నా దృష్టిలో ఇంతకన్నా పనికొచ్చే పరీక్ష లేదు. ఇంగ్లండ్, ఇటలీ ఫ్రేమ్‌లలో ఆ గొట్టం బయటి కొలత 28.6 మిల్లీమీటర్లు. లోపల 27.2 పిల్లర్ సరిగ్గా కూర్చుంటే గొట్టం పలచన, అంటే మంచి సరుకు. 26.8 అయితే కొంచెం మందం, అయినా తీసుకోవచ్చు. 25.4 పిల్లర్ పట్టే ఫ్రేమ్ మీద ఏ స్టిక్కర్ ఉన్నా నేను నమ్మను. పాత ఫ్రెంచి ఫ్రేమ్‌లకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. వాటి గొట్టం బయటి కొలతే 28, కాబట్టి అసలైన 531కి కూడా 26.4 పిల్లర్ పడుతుంది. ఇంకో జాగ్రత్త: ఇప్పుడు అందులో ఉన్న పిల్లరే దాని అసలు పిల్లర్ అని అనుకోకండి. సన్నది పెట్టి రేకు ముక్క చుట్టి బిగించినవి నేను చూశాను. నా ఫ్రేమ్‌కి 27.2 సరిగ్గా దిగింది. అక్కడే కొనాలని మనసులో అనుకున్నాను.

తర్వాత వెనక చక్రం ఇరుసు కూర్చునే డ్రాపౌట్లు. మందపాటి రేకును కత్తిరించి చేసినవి చౌక. మూసలో కొట్టి చేసినవి చేత్తో పట్టుకుంటేనే తెలుస్తాయి, అంచులు గుండ్రంగా ఉంటాయి, చాలా వాటి మీద కాంపాగ్నోలో అనో మరో కంపెనీ పేరో చెక్కి ఉంటుంది. డ్రాపౌట్‌కి డబ్బు ఖర్చుపెట్టిన తయారీదారు మిగతా చోట్ల కక్కుర్తి పడడం అరుదు.

ధర తగ్గించే విషయాల్లో మొదటిది దెబ్బ. ముందు చక్రం గోడకో బండికో గుద్దుకుంటే ఆ దెబ్బ హ్యాండిల్ కింద ఉండే హెడ్ గొట్టం వెనక, కింది గొట్టం అడుగు వైపు తేలుతుంది. కంటికి కనిపించకపోవచ్చు, బొటనవేలితో నెమ్మదిగా నిమిరితే అల మాదిరి తగులుతుంది. పెయింట్‌లో అడ్డంగా సన్నటి చీలిక ఉన్నా అనుమానించాల్సిందే. అలా ముడత పడిన గొట్టాన్ని ఎవరూ సరిచేయలేరు. దాన్ని గోడకి తగిలించుకోవడానికైతే కొనండి, భాకరాపేట ఘాట్ దిగడానికి మాత్రం వద్దు. వెనక భాగం కొద్దిగా వంకర ఉంటే అంత భయం లేదు. ఒక డ్రాపౌట్ నుంచి దారం కట్టి, హెడ్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో డ్రాపౌట్‌కి లాగి కట్టండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉండాలి. నాదాంట్లో నాలుగు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. 18,000 కిందికి దిగడానికి మొదటి కారణం అదే. తర్వాత మా మెకానిక్ అన్న దాన్ని వేడి చేయకుండా, కొంచెం కొంచెంగా లాగి సరిచేశాడు. ఆ పనిలోనే వెనక డ్రాపౌట్ల మధ్య వెడల్పును 120 నుంచి 126 మిల్లీమీటర్లకు పెంచాం. ఉక్కుతో ఈ వెసులుబాటు ఉంది, అల్యూమినియంతో లేదు. దానివల్ల ఇక్కడి గేర్ సైకిళ్లకు వేసే మరతో బిగించే ఫ్రీవీలే దీనికీ ఎక్కింది. రేసింగ్ సైకిళ్లకు ముందు 52, 42 పళ్ల చక్రాలు ఉండేవి. వెనక 28 పళ్లన్నా లేకపోతే మన ఘాట్ల మీద మోకాళ్లు పట్టేస్తాయి.

ఎక్కడైనా వెల్డింగ్ కనిపిస్తే అక్కడితో ఆపేయండి. 531ని లగ్గుల్లో, అంటే గొట్టాలు కలిసే చోట ఉండే తొడుగుల్లో, దూర్చి ఇత్తడితోనో వెండితోనో అతికిస్తారు, ఉక్కును కరిగించరు. కిటికీ గ్రిల్లులు చేసే షాపులో ఆర్క్ వెల్డింగ్ పెడితే ఆ పలచటి గొట్టం అతుకు పక్కనే పెళుసు బారుతుంది. ఇవాళ కాకపోతే రేపు అక్కడే విరుగుతుంది. అమ్మేవాళ్లు దాన్ని రిపేరు అంటారు, నా లెక్కలో అది నాశనం.

తుప్పు గురించి చెన్నై నుంచి తెచ్చుకునేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. సముద్రపు గాలి, ఆ తర్వాత అక్టోబరు, నవంబరు, డిసెంబరు వానలు. బయట మచ్చలుంటే ఫర్వాలేదు, లోపలి తుప్పే ఫ్రేమ్‌ని తినేస్తుంది. నీళ్లు సీటు గొట్టంలోంచి దిగి పెడల్ ఇరుసు ఉండే షెల్‌లో నిలుస్తాయి. ఆ ఇరుసును పట్టి ఉంచే బీబీ (బాటమ్ బ్రాకెట్) కప్పులు విప్పించి టార్చి వేసి చూడండి. పొడి రాలితే సరే, పొరలు పొరలుగా ఊడివస్తే వద్దు. నాదాంట్లో గుప్పెడు ఎర్రపొడి రాలింది, గొట్టం గట్టిగానే ఉంది. ఆ పొడి పేరు చెప్పి ఇంకొంత తగ్గించారు. అప్పటి నుంచి ప్రతి వానాకాలం ముందు పిల్లర్ తీసి తిరగేసి ఆరబెడతాను, లోపల నూనె పోస్తాను, పిల్లర్‌కి గ్రీజు రాసి పెడతాను. ఆ గ్రీజు మాత్రం మరవకండి. అల్యూమినియం పిల్లర్, ఉక్కు గొట్టం చెమట నీళ్లతో తడిసి ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి.

బీబీ మరలు ఇంకో తలనొప్పి. షెల్ వెడల్పు 68 మిల్లీమీటర్లుంటే చాలావరకు ఇంగ్లిష్ మర, అంగుళానికి 24 పళ్లు, సామాను దొరుకుతుంది. 70 ఉంటే ఇటాలియన్ మర, కప్పుల కోసం ఊళ్లు వెతకాలి. నాటింగ్‌హామ్ చౌక రాలీలకు కంపెనీ సొంతంగా 26 పళ్ల మర పెట్టింది, షెల్ కూడా 71 లేదా 76 ఉంటుంది. మామూలు కప్పు పెట్టి బలవంతంగా తిప్పితే మర చచ్చిపోతుంది. మా మెకానిక్ అన్న రెండు చుట్లు తిప్పి, "సార్, ఇది సాఫీగా ఎక్కతా ఉంది, మనదే" అన్నప్పుడే నా టెన్షన్ తగ్గింది. ఇంగ్లిష్ మరలో కుడివైపు కప్పుకి మర తిరగబడి ఉంటుందని తెలియని చేతుల్లో మాత్రం పెట్టకండి.

తొక్కడానికి ఎలా ఉంటుందంటే, 531లో మంత్రం ఏదీ లేదు. ఉక్కు ఏ రకమైనా దాని బిరుసుతనం దాదాపు ఒకటే. 531 బలం ఎక్కువ కాబట్టి గొట్టం పలచగా చేయగలిగారు, పలచన కాబట్టి బరువు తగ్గింది, చేతికి కాస్త స్ప్రింగు తెలుస్తుంది. నా ఫ్రేమూ ఫోర్కూ కలిపి మూడు కిలోల లోపే. కరకంబాడి రోడ్డులో గతుకుల మీద ఎంతసేపు తిరిగినా భుజాలు నొప్పి పుట్టవు. ఎక్కుడులో కొత్త కార్బన్ సైకిళ్లు నన్ను దాటి వెళ్తాయి, అందులో అనుమానం లేదు. దిగేటప్పుడు మలుపుల్లో ఈ ఫ్రేమ్ గీత గీసినట్టు పోతుంది, నాకు అదే కావాలి. పాత 27 అంగుళాల చక్రాలకు టైర్లు దొరక్క 700సీ రిమ్ములకు మారాను. రిమ్ము వ్యాసార్థం నాలుగు మిల్లీమీటర్లు తక్కువ కాబట్టి బ్రేకు రబ్బర్లు అంత కిందికి దించుకోవాలి.

అమ్మేవాళ్లు చెప్పనిది సైజు. ఆ రోజుల్లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఫ్రేమ్‌లలో 23 అంగుళాలవి ఎక్కువ కనిపిస్తాయి. ఐదడుగుల ఐదంగుళాల మనిషికి 20, 21 కావాలి. కాళ్లు అందని ఫ్రేమ్‌కి నేనైతే ఒక్క రూపాయి ఇవ్వను, అది ఎంత అరుదైనదైనా సరే. ఫోర్క్ లేని ఫ్రేమ్‌కి సగం రేటే. సరైన పొడవు, సరైన మర ఉండి, కాడ ఒక అంగుళం మందం ఉన్న ఫోర్క్ దొరకడం అంత కష్టం. పౌడర్ కోటింగ్ వేసి మెరిపించిన వాటికీ తక్కువే ఇస్తాను. అసలు పెయింట్, అసలు అక్షరాలు పోతే సేకరించేవాళ్లు వెనక్కి తగ్గుతారు, పైగా ఆ మందపు పూత కింద ఏ చీలిక ఉందో తెలియదు. గీతలు పడ్డ అసలు పెయింటే నాకు నయం. వంకర లేకుండా, 27.2 పిల్లర్‌తో, మంచి డ్రాపౌట్లతో, ఫోర్క్‌తో సహా నా సైజులో దొరికితే తొక్కడానికి 12,000 దాకా ఇస్తాను. కొలంబస్ ఎస్ఎల్ అయితే ఇంకో మూడు వేలు.

ఈ మధ్య చిత్తూరులో ఒకటి చూశాను. ఇటలీది, ఫోర్క్‌కి క్రోమ్, నా సైజే, గొట్టాల మీద ముడతలు లేవు, దారం కడితే రెండు వైపులా సమానం. 20,000 అడిగారు. సీటు పిల్లర్ ఎంత తిప్పినా కదల్లేదు. అది రాకపోతే కోసి తీయాలి, కోస్తే ఆ పలచటి గొట్టానికి గాటు పడొచ్చు. ఇప్పుడే కావాలంటే 8,000 ఇస్తాననీ, పిల్లర్ ఊడి వచ్చాక చూపిస్తే 15,000 ఇస్తాననీ చెప్పి, పిల్లర్ గొట్టంలోకి దిగే సందులో చుక్కలు చుక్కలుగా పడేలా నూనె రోజూ ఎలా వేయాలో ఆ ఇంటి కుర్రాడికి చూపించి వచ్చాను.