జాగ్రత్త: ఆర్డరు ఫారం రసీదు కాదు, అదే ఒప్పందం

కొలతలిచ్చి వస్తువు చేయించుకునేవారు సంతకం పెట్టే ముందు దీన్ని చదవాలని కోరుతున్నాను. పుస్తకాల కోసం గోడ పొడవునా ఒక అల్మారా చేయించుకుని నేను నష్టపోయాను. విక్రేత పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే నన్ను ముంచింది ఆయన మాటలకంటే నేను చదవకుండా సంతకం పెట్టిన కాగితమే.

మొదటి దెబ్బ ధర దగ్గరే తగిలింది. ఆయన ఒక ధర చెప్పారు, నేను తగ్గించమన్నాను, కుదరదన్నారు. రెండు రోజులు ఆలోచించి 'సరే, మీరు చెప్పిన ధరకే ఇవ్వండి' అంటే, ఆ ధర ఇప్పుడు లేదని ఇంకాస్త పెంచి చెప్పారు. అన్యాయమనిపించింది కానీ చట్టం ఆయన పక్షానే ఉంది. ఒకరి ప్రతిపాదనను ఉన్నదున్నట్టు ఒప్పుకుంటేనే అంగీకారం అవుతుంది. ధర మార్చి అడిగితే అది ఎదురు ప్రతిపాదన, దానితో మొదటిది రద్దయిపోతుంది. 1840లో ఇంగ్లండులో హైడ్, రెంచ్ అనే ఇద్దరి మధ్య వ్యాజ్యంలో తేల్చింది ఇదే: వెయ్యి పౌండ్లకు అమ్ముతానన్న పొలాన్ని 950కి అడిగి, కాదనిపించుకుని, తర్వాత వెయ్యికే ఒప్పుకున్నా అక్కడ ఒప్పందం ఏర్పడలేదన్నారు. తగ్గుతుందా అని ఊరికే వాకబు చేయడం వేరు, ఇంతకే ఇస్తే తీసుకుంటాననడం వేరు. నేను రెండోది చేశాను.

పెంచిన ధరకే ఒప్పుకుని ఫారం మీద సంతకం పెట్టాను. అసలు టేకు చెక్కతో చేస్తామని, 30 రోజుల్లో బిగిస్తామని, ఎంత బరువు పెట్టినా చెక్కుచెదరదని ఆయన నోటితో చెప్పారు. ఫారంలో సరుకు వివరం గడిలో మాత్రం మోడల్ నంబరు ఒక్కటే ఉంది. వెనుక వైపు బూడిద రంగు సిరాతో, ఆవగింజంత అక్షరాల్లో ఉన్న మూడు వాక్యాలను నేను తర్వాత భూతద్దం పెట్టి చదువుకున్నాను: బిగించే తేదీ అంచనా మాత్రమే, ముందు చెల్లించిన సొమ్ము బయానాగా పరిగణించబడును, విక్రేత ప్రతినిధి మౌఖికంగా చెప్పిన విషయాలేవీ ఈ ఒప్పందంలో భాగం కావు.

'చదవలేదు' అన్న సాకు సంతకం ముందు దాదాపుగా నిలవదు. కామన్ లా, అంటే పాత తీర్పుల ఆధారంగా ఎదిగిన ఇంగ్లండు న్యాయపద్ధతి, పాఠాల్లో దీనికి చెప్పే తీర్పు 1934 నాటిది. లెస్ట్రేంజ్ అనే కాఫీ హోటలు యజమానురాలు సిగరెట్లు అమ్మే యంత్రం కొంటూ, గోధుమ రంగు కాగితం మీద సన్నటి అక్షరాలతో ఉన్న ఫారంపై చదవకుండా సంతకం చేశారు. యంత్రం సరిగా పనిచేయలేదు. మోసం, తప్పుడు మాటలు లేనప్పుడు సంతకం చేసినవారు షరతులకు కట్టుబడవలసిందేనని న్యాయస్థానం తేల్చింది. ఆ తర్వాత చాలా దేశాలు వినియోగదారుల చట్టాలు తెచ్చి ఈ కాఠిన్యాన్ని కొంత తగ్గించాయి కానీ, మూలసూత్రం ఇప్పటికీ బతికే ఉంది.

బయానా అన్న మాట దగ్గర ప్రత్యేకంగా ఆగాలి. ధరలో భాగంగా ముందు ఇచ్చే అడ్వాన్సు, బేరం తెగిపోతే, విక్రేతకు కలిగిన నష్టం పోను సాధారణంగా తిరిగి రావాలి. బయానా మాట నిలబెట్టుకుంటామన్న హామీగా ఇచ్చే సొమ్ము, కొనేవాడు వెనక్కి తగ్గితే అది పోయినట్టే. గడువు దాటి వారాలు గడిచినా నేను వద్దనలేకపోవడానికి కారణం ఇదే. తేదీని అంచనా అన్నా, సమంజసమైన కాలం దాటితే అదీ ఉల్లంఘనే కావచ్చునని అప్పుడు నాకు తెలియదు.

అల్మారా 70వ రోజున వచ్చింది. మూడు వారాలకే మధ్య అర రెండు వేళ్ల మందం కిందికి వంగింది. అంచును గోటితో గీకితే పైన కాగితమంత పలుచని చెక్క పొర, దాని కింద రంపపు పొట్టును జిగురుతో అదిమిన బోర్డు. ఎంత బరువైనా మోస్తుందనడం అమ్మకపు గొప్పలు, దానికి చట్టంలో పెద్ద విలువ లేదు. టేకు చెక్క అనడం అలా కాదు, అది వాస్తవం గురించి చెప్పిన మాట. అది అబద్ధమై, దాన్ని నమ్మే మీరు ఒప్పుకుని ఉంటే, ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మీకు ఉంటుంది. మౌఖిక మాటలు చెల్లవన్న షరతు ఉన్నంత మాత్రాన అబద్ధానికి రక్షణ దొరకదు.

అయితే అటువంటి ఒప్పందం మొదటి నుంచీ చెల్లనిది కాదు, మీరు రద్దు చేసేదాకా చెల్లుతూనే ఉంటుంది. నిజం తెలిశాక కూడా వాడుకుంటూ పోతే దాన్ని మీరు ఖాయం చేసినట్టు లెక్క. నేను చేసిన పెద్ద తప్పు అదే. బోర్డు సంగతి తెలిసిన తర్వాత కూడా రెండు నెలలు పుస్తకాలు అందులోనే ఉంచి, ఫోన్లు చేస్తూ కూర్చున్నాను, ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. ఇక నాకు మిగిలింది నష్టపరిహారం అడగడమే.

బిగించిన రోజు ఇచ్చిన చీటీ మీద 'అందుకున్న తర్వాత ఫిర్యాదులు స్వీకరించబడవు' అని అచ్చువేసి ఉంది, దాన్ని చూసి చాలామంది నోరు మూసుకుంటారు. ఒప్పందం కుదిరాక ఒకరు తెచ్చి అతికించిన షరతు రెండో వారిని కట్టిపడేయదు. 1949లో ఒక హోటల్ గది గోడకు అంటించిన నోటీసు విషయంలో, బస ఒప్పందం కింద రిసెప్షన్ దగ్గరే పూర్తయింది కాబట్టి పైన గదిలో కనిపించిన షరతు దానిలో భాగం కాదని తీర్పు వచ్చింది. పోయిన వారం రాసిన నోటీసులో నేను ఈ అంశాన్నే ప్రస్తావించాను. అరలు మార్చి ఇస్తామని విక్రేత ఫోనులో అన్నారు. ఏ చెక్కతో, ఏ తేదీలోగా అన్నది రాసి సంతకం చేసి పంపమన్నాను. ఆ కాగితం ఇంకా రాలేదు.